గడప వయసు

నేను మనుషుల్ని తొందరగా నమ్మను. రైల్వే బుకింగ్ కౌంటర్లో కూర్చుని రిటైరైనదాన్ని. చిరిగిన నోటు మడతలో దాచి, ముఖం నిండా నవ్వు పులుముకుని ఇచ్చేవాళ్లని నా సర్వీసులో ఎంతమందిని చూశానో! అలాంటిది, ఒక మధ్యాహ్నం మునిసిపాలిటీ తరఫున ఒకమ్మాయి మెడలో కార్డు వేలాడేసుకుని మా వీధిలోకి వచ్చి గుమ్మాలకి ఫోటోలు తీస్తుంటే ఊరుకుంటానా? గుమ్మానికి ఫోటో తీశారంటే ఇంటికి ఎసరు పెట్టినట్టే అనుకున్నాను.

మాది ఒడిశాలోని రాయగడ జిల్లాలో, గుణుపురం వైపు ఒక చిన్న పట్నం. మా వీధంతా తెలుగువాళ్లమే. మా పెద్దలు శ్రీకాకుళం పల్లెల నుంచి భూములు వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ వ్యవసాయం పెట్టారు. తరవాత వాళ్ల పిల్లలు రైల్వేలోనూ, టికిరి వైపు ఫ్యాక్టరీ ఉద్యోగాల్లోనూ చేరారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. మా ఇంటికి ఎత్తైన అరుగు, మూడు మెట్లు, చిలకలూ లతలూ చెక్కిన నల్లటి ద్వారబంధం, దానికి పిల్లలు ఎక్కి దాటాల్సినంత ఎత్తు గడప.

ఆ గడపా, ఆ మెట్లూ మా అత్తకి జైలు గోడలైపోయాయి. బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది గాని మళ్లీ నడవలేదు. చక్రాల కుర్చీ కొన్నాం. ఇంట్లో గదుల మధ్య తనే తోసుకుంటూ తిరిగేది, వీధి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది. ఇద్దరు మగాళ్లు ఎత్తి కిందకి దించుతామంటే ఒప్పుకునేది కాదు.

"సచ్చినాక ఎలాగూ మోత్తారు. బతికుండగా మోయించుకుంతానేటి? ఒద్దు," అనేది.

సంతకి వెళ్లి బేరమాడకపోతే తిన్నది అరగని మనిషి. ఈ ఇంటి మీద పెత్తనమంతా తనదే. నెలల తరబడి వీధి మొహం చూడకుండా కూర్చుంటే చూడలేకపోయాం. మా ఆయనా నేనూ మేస్త్రీని పిలిపించాం. అరుగు ఒక పక్క పగలగొట్టి వాలుగా సిమెంటు చేయించాలి, గడప కోయించి కుర్చీ పట్టేలా చేయాలి. అత్త ఎదుటే అన్నీ మాట్లాడుకున్నాం. తను ఔననలేదు, కాదనలేదు. ఔననకపోతే ఏమైంది, ఒకసారి బయట గాలి తగిలితే తనే సంతోషిస్తుందిలే అనుకున్నాం. మేస్త్రీ వచ్చే నెల మొదట్లో వస్తానన్నాడు.

ఈలోపే ఆ అమ్మాయి దిగబడింది. కొరాపుట్ పిల్ల, ఒడియాలో మాట్లాడుతుంది. పట్నంలో పాత కట్టడాల రక్షణ రూల్స్ మారుస్తున్నారట. ఇదివరకటి జాబితాలో పాత కోటగుమ్మం, ఒక గుడి మాత్రమే ఉండేవట. ఇప్పుడు మనుషులు కాపురముంటున్న పాత ఇళ్లని కూడా చేరుస్తారట. చేర్చిన ఇంటి ముందు భాగాన్ని అనుమతి లేకుండా మార్చకూడదట. ఇన్ని 'అట'లు వింటే నాకు అనుమానం రాదా? రోడ్డు వెడల్పు చేయడానికే ఈ నాటకం అనుకున్నాను. అయినా ఇంటికొచ్చిన మనిషి కదా, కూర్చోబెట్టి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను.

అక్కణ్ణుంచి నాకు వినబడింది ఒక్కటే. ఇల్లు కట్టి ఎన్నేళ్లయింది మావుసీ అని, పిన్నిని పిలిచినట్టు పిలిచి, ఆ పిల్ల అడిగింది. వందేళ్లు దాటిందమ్మా అని అత్త ఒడియాలో ఠకీమని చెప్పింది.

నాకు తల కొట్టుకోవాలనిపించింది. ఆ ఇల్లు అత్త కాపురానికి వచ్చాక కట్టిందే. మామయ్య దగ్గరుండి ఇటుకలు కాల్పించాడని ఆవిడే నాకు కథలుగా చెప్పింది. మరి వందేళ్లెక్కడివంటే, గడపవి. మావాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఊరు వదిలి వచ్చేటప్పుడు పాతింటి ద్వారబంధాన్ని ఊడదీసి, పసుపు రాసి, బండి మీద పడుకోబెట్టి తెచ్చుకున్నారు. వచ్చినచోట ముందు గడప నిలబెట్టి, దాని చుట్టూ గోడలు కట్టుకున్నారు. గోడలు కూలిపోతే మళ్లీ కట్టారు. గడప మాత్రం అదే. అందుకని ఇల్లు ఎప్పటిదని ఎవరడిగినా మా వీధిలో పెద్దవాళ్లు గడప వయసే చెబుతారు. చుట్టాలతో చెప్పుకుంటే ముచ్చటగానే ఉంటుంది. మునిసిపాలిటీ మనిషితో చెబితే కొంప మునగదూ?

ఆ పిల్ల వెళ్లాక అత్త మీద గయ్యిమన్నాను. "నీ గొప్పలకేం గాని, ఇప్పుడు మన ఇంటిని పట్టుకుంటే ఏం చేస్తావు?"

అత్త నా వంక చూడకుండా, "గడప ఎప్పటిదో అదే సెప్పేను. అబద్దమాడమంతావేటి?" అంది.

నేననుకున్నంతా అయింది. కొన్నాళ్లకి నోటీసు అంటించారు. మా ఇల్లు ముసాయిదా జాబితాలో ఉందనీ, అభ్యంతరాలు విని తేల్చేదాకా ముందు భాగాన్ని ముట్టుకోకూడదనీ దాని సారాంశం. పనికి వచ్చిన మేస్త్రీ ఆ కాగితం చూసి సామాన్లు సర్దుకున్నాడు. "నాను పిల్లలు గలవోణ్ణి తల్లీ, నన్నొగ్గేయండి," అని చేతులు జోడించి పోయాడు.

ఇక నా బుర్ర ఆగుతుందా? ఎవరు చేయించారిది? నా అనుమానం మొదట పక్కింటాయన మీదికి పోయింది. మా అరుగు మీద వాలు వేస్తే తన దుకాణానికి దారి ఇరుకవుతుందని సణిగాడు. ఆయన పలకరిస్తే ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టాను. తరవాత ఒక కాంట్రాక్టరు మీదికి పోయింది. పాత ఇళ్లు కొని ఫ్లాట్లు కడతానంటూ ఒకసారి మా ఇంటికొచ్చి టీ తాగి పోయినవాడు. మేం విసిగిపోయి అమ్ముకునేలా చేయడానికి ఇది అతని ఎత్తేమో. చివరికి ఆ కొరాపుట్ పిల్ల మెడలో కార్డు అసలుదో కాదో అని కూడా అనుమానించాను. మా ఆయన విని విని, "నువ్వు రిటైరయ్యేవు గాని నీ కౌంటరు మూయలేదే," అన్నాడు. ఆయనకేం, నిశ్చింతగా పేపరు చదువుకుంటాడు. రోజూ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని వీధి చప్పుడు వింటున్న అత్తని చూస్తూ ఉడికిపోయేది నేను.

అభ్యంతరాలు వినే రోజు మునిసిపాలిటీ హాలు నిండిపోయింది. మా వీధివాళ్లమే సగం. నా వంతు రాగానే లేచి, ఒడియాలోనే దంచాను. ఇల్లు పాతది కాదు, గడప మాత్రమే పాతది, మా ముసలావిడ కుర్చీలో బందీ అయిపోయింది, మా ఇంటిని జాబితాలోంచి తీసేయండి అన్నాను.

బల్ల వెనక కూర్చున్న పెద్ద అధికారి కళ్లజోడు తీశాడు. "ఇల్లు కట్టకముందే గడప ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?"

"బండి మీద వచ్చింది," అన్నాను.

హాలంతా ఘొల్లుమంది. నా వెనకాల ఇంకొకాయన లేచి, తమ గడప కూడా బండి మీదే వచ్చిందన్నాడు. ఆయన వెనక మరొకావిడ. ఇలా వరసగా అందరి గడపలూ బండ్లెక్కేసరికి అధికారి ముఖం మారిపోయింది. మేమంతా ముందే కూడబలుక్కుని వచ్చామని ఆయన అనుమానం. నా జీవితంలో మొదటిసారి అవతలివాడి కళ్లల్లో నా చూపు కనబడింది. చెప్పేది నిజమైనప్పుడు ఆ చూపు ఎంత కాలుస్తుందో అప్పుడు తెలిసింది.

విరామంలో ఆ కొరాపుట్ పిల్ల నా దగ్గరికి వచ్చి పక్కకి పిలిచింది. గోడలు కొత్తవని తనకి మొదటిరోజే తెలుసట. ఇటుక చూస్తే తెలిసిపోతుందట.

"మరి ఎందుకు చేర్చావు?" అని నిలదీశాను.

ఆ పిల్ల చేతిలో ఫైలు మూసింది. తరవాత మెల్లగా చెప్పింది. "మావుసి అడిగింది. మీరు టీ పెడుతున్నప్పుడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ముందు మా ఇల్లు రాసుకో, ఇంట్లోవాళ్లు కూడా ముట్టుకోకుండా రాసుకో అని బతిమాలింది. గుమ్మం చెక్కుడు నిజంగా పాతదే కదా, చేరుస్తే ఏదో ఒకటి ఇక్కడ తేలుతుందని చేర్చాను. మీతో చెప్పొద్దంది."

మిగతా విచారణకి ఆగకుండా బయటపడ్డాను. ఎండలో ఇంటికి నడుస్తుంటే ఒళ్లు మండింది, దానికంటే మించి కడుపు మండింది. అత్తకోసమే కదా ఇంత పరుగు! ఆవిడ కింద శుభ్రం చేసిన చేతులివి. ఆవిడ నన్ను నమ్మలేదా?

అత్త గుమ్మం దగ్గరే ఉంది. చెప్పులైనా విప్పకుండా అడిగేశాను. "నీకు బయటికి రావాలని లేదా అత్తా? ఎందుకలా చేశావు?"

ఆవిడ దొరికిపోయానని కంగారుపడలేదు. చీర కొంగు సర్దుకుంది.

"అరుగు పగలగొడతామన్నారు. అరుగయ్యాక గడప కోత్తామన్నారు. గడపెల్లిపోయినాక ఇంకేటుంది? ఇల్లు కూడా ఎల్లిపోద్ది. నన్నట్టుకెల్లి ఏ ఇసాపట్నంలోనో గదిలో పడేత్తారు."

"నీకెవరు చెప్పారు? వాలు నీకోసం అత్తా!"

"అది నువ్వన్న మాట. ఆ కాంట్రాక్టరోడొచ్చినప్పుడు నా కొడుకు 'ఎంతిత్తావు' అని అడిగేడు. నువ్వు పక్కనే ఉన్నావు. నాకు తుంటిరిగింది గాని సెవులిరగనేదమ్మీ."

అడిగాడు. నిజం. ఊరికే తెలుసుకుందామని అడిగాడు, ఆ మాట అక్కడితో ముగిసిపోయింది. మేం మర్చిపోయాం కూడా. ఈవిడ మాత్రం గోడకి ఇవతల ఆ మాటని పట్టుకుని ఇన్ని నెలలు కూర్చుంది. ఇల్లు పోతుందన్న భయంతో, బయటి గాలి కూడా వదులుకుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నన్ను చూసి ఆవిడా కళ్లొత్తుకుంది, కానీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్లి నా అభ్యంతరాన్ని రద్దు చేయమన్నాను. నిన్న అంత గొంతు చించుకున్నావు, ఇవాళ ఏమైందని పెద్ద అధికారి మళ్లీ అనుమానంగా చూశాడు. ఇల్లు మా అత్తది, ఆవిడ దాన్ని జాబితాలో ఉంచమంటోంది అని చెప్పాను. ఆ కొరాపుట్ పిల్ల పక్కనుంచి ఒక సలహా ఇచ్చింది. పాత ఇళ్లలో ముసలివాళ్లుంటే, ఏదీ పగలగొట్టకుండా, కావాలంటే తీసేసేలా చెక్క వాలు పెట్టుకోవచ్చని రూల్లో ఒక ముక్క కలపాలంది. చర్చలూ తర్జనభర్జనలూ అయ్యాయి. చివరికి రూల్స్ ఖరారైనప్పుడు ఆ ముక్క అందులో ఉంది. మా ఇల్లూ ఉంది. వందేళ్లదని కాదు, గుమ్మం ముచ్చటగా ఉందని.

వడ్రంగి చేత గట్టి పలకలు బిగించిన వాలు చేయించాను. లోపలి వైపు గడప అంచు దాకా ఒకటి, గడప మీదుగా మెట్ల కిందకి పొడుగాటిది ఇంకొకటి. ఎక్కడా ఒక్క మేకు కూడా గుమ్మంలోకి దిగలేదు. అత్త దగ్గరుండి చూసుకుంది. పక్కింటాయనే వచ్చి పలక ఊగకుండా ఒక చివర పట్టుకున్నాడు. నాకు ఆయన ముఖం చూడ్డానికి సిగ్గేసింది.

అత్తకి మంచి చీర కట్టి, తల దువ్వి, కుర్చీని గడప దాటించి బయటి వాలు మీదికి తెచ్చాను. మా ఆయన వెనక పట్టుకున్నాడు. వీధిలో ఆడవాళ్లు పనులాపుకుని నిలబడ్డారు. కిందకి దింపబోతుంటే అత్త గుమ్మం చెక్కని ఒక చేత్తో గట్టిగా పట్టుకుంది.

"ఏమైంది అత్తా? భయమేస్తోందా?"

"భయం నేదు. తాళమెయ్యి," అంది.

"అందరం ఇక్కడే ఉన్నాం కదా, తాళమెందుకు?"

"ఎయ్యమన్నానా!"

లోపలి పలక పక్కకి జరిపి, తలుపేసి తాళం వేశాను. అత్త నా వైపు చెయ్యి చాచింది. తాళంచెవి ఆ చేతిలో పెట్టాను. కొంగు చివర ముడివేసి, ఆ ముడిని బొడ్లో దోపుకుని, ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకుని, అప్పుడు గుమ్మాన్ని వదిలింది.

"ఇప్పుడు తొయ్యండి," అంది.