కదిలిన గుర్తు

మా ఆయనకూ మా తమ్ముడికీ మాటల్లేక ఇది రెండో ఏడు. మధ్యలో ఉన్నది నేను. ఎవరు ఏమన్నారో ఒక్క మాట పోకుండా గుర్తుంది.

మా ఊరు జువ్వలదిన్నె. ఊరికి ఎదురుగా, సముద్రంలో, చమురు బావి తవ్వే రిగ్గు ఒకటి వచ్చి నిలబడింది. మా తమ్ముడికి దాని మీదే పని. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. మా ఆయనకు ఆ రిగ్గు మొదటి రోజు నుంచీ పడలేదు. "దగ్గరికి పోతే తరుముతారు. సముద్రం వాళ్ల తాత సొత్తా?" అని తమ్ముడి మొహం మీదే అనేవాడు. తిడుతూనే దాన్ని వాడుకున్నాడు కూడా.

అందరూ వల వేసి, చివర జెండా కట్టి, మర్నాడు పోయి ఎత్తుకుంటారు. మా ఆయన జెండా కట్టడు. దొంగకు దారి చూపడమే అంటాడు. గుర్తంతా ఆయన కళ్లలోనే. రిగ్గు దాటి లోపలికి పోయి వెనక్కు తిరిగి చూస్తే, రిగ్గు గోపురం, ఒడ్డున ఉన్న దీపస్తంభం ఒకదాని వెనక ఒకటి కలవాలి. తాడుకు సీసం గుండు కట్టి వదిలితే అనుకున్న లోతు తగలాలి. అక్కడే వల. జీపీఎస్ డబ్బా ఉప్పునీళ్లకు చెడిపోయి మూలన పడి ఉంది.

ఒకసారి ముందురోజు పొద్దున వేసిన వల కోసం పోయి చూస్తే గుర్తు కలిసింది, లోతు కలిసింది, వల లేదు. మధ్యాహ్నం దాకా కొక్కెం వేసి ఈడ్చాడు. మాకున్నది ఆ ఒక్క వలే. అది పోతే పడవ ఇసుకలో కూర్చోవాల్సిందే.

ఆ రోజే తమ్ముడు సెలవు మీద వచ్చి మా ఇంట్లో అన్నం తింటున్నాడు.

"మీ రిగ్గు పడవలోళ్లు నా వల ఎత్తుకపోయినారు గదరా?" అన్నాడు మా ఆయన, కాళ్లు కూడా కడుక్కోకుండా.

"గుర్తు దేని మీద పెట్టుకున్నావు బావా?"

"మీ రిగ్గు మీదే."

తమ్ముడు నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. "అది తేలేది బావా! నిన్న మధ్యాన్నం పక్క బావి మీదికి జరిపినాం."

"కొండంత ఇనుము జరిగిందంట! చిన్నపిల్లోళ్లకు చెప్పు."

తమ్ముడు ఎడమ చేత్తోనే నీళ్ల తొట్టిని ముందుకు లాగాడు. కొబ్బరిచిప్పకు రెండు పక్కలా నా చేత దారాలు కట్టించి, నీళ్లలో వేసి, ఒక దారం నన్ను పట్టుకోమని, ఒకటి తాను పట్టుకుని చూపించాడు. "దానికి కింద కాళ్లు లేవు. చుట్టూ ఎనిమిది గొలుసులు, ఒక్కోదాని చివర లంగరు. ఈ పక్కవి బిగించి ఆ పక్కవి వదిలితే ఇట్ట జరుగుద్ది. ఉత్తరానికి జరిపినాం, నీ పడవ పొడవుకు పది రెట్లు దూరం. నీ గుర్తు దాంతోపాటే జరిగింది, వల మాత్రం వేసిన కాడే ఉంది. దక్షిణంగా ఎతుక్కో."

మా ఆయన తొట్టిని తన్నాడు. నీళ్లు కంచంలోకి పోయాయి. "ఎత్తుకునిపోయి నాకే దారి చెప్తావా, దొంగనాయాలా!"

తమ్ముడు లేచి చెయ్యి కడుక్కున్నాడు. "అక్కా, ఆ మాట వెనక్కి తీసుకునేదాకా నీ గడప తొక్కను."

రెండు రోజులు మా ఆయన పాతచోటే ఈడ్చాడు. దక్షిణానికి పోతే బామ్మర్ది మాట నమ్మినట్టవుతుందని. మూడో రోజు నేనే ఒక అబద్ధం అల్లాను. "రిగ్గు సంగతి నాకెందుకు గానీ, ఈ నాలుగు రోజులూ నీళ్లు దక్షిణానికి లాగుతున్నాయంట. వల కొట్టుకునిపోయిందేమో."

పోయాడు. దొరికింది. సగం చేపలు కుళ్లిపోయాయి, మిగిలినవి పీతలు కొరికాయి. వల మాత్రం బాగుంది.

"వల అడుగున కట్టిన రాళ్లు బురదలో దిగబడి ఉండాయి. ఊడదీయలేక చచ్చినాం," అన్నాడు. రాళ్లు దిగబడి ఉన్నాయంటే వల వేసిన చోటే ఉందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నా మొహం చూసి అటు తిరిగాడు.

"పోయి, ఆ మాట వెనక్కి తీసుకున్నానని అనరాదా?" అన్నాను.

"వాడు నవ్వలా?"

ఆ నెలలోనే పెద్ద వంజరం చేప పడింది. పులుసు పెట్టాను. "వాడికి కాస్త పంపు. నేను పంపినానని చెప్పొద్దు," అన్నాడు. పక్క వీధికి నేనే తీసుకుపోయాను.

"మాటేమన్నా పంపినాడా?" అన్నాడు తమ్ముడు.

"పులుసు పంపినాడు."

ముల్లు కూడా వదలకుండా తిన్నాడు. మాలో వచ్చిన గిన్నెను ఖాళీగా పంపరు, గుప్పెడు బియ్యమైనా వేస్తారు. వాళ్లావిడ బియ్యం డబ్బా తీయబోతే వద్దన్నాడు. తనే గిన్నె తోమి, తుడిచి, నా చేతికిచ్చాడు.

ఇంటికొచ్చాక మా ఆయన గిన్నెలోకి తొంగి చూశాడు.

"ఒక ఉల్లిగడ్డ కూడా దొరకలేదా వాడింట్లో?" అన్నాడు.