ఏడుపు వినపడుతోంది, పాప కనపడదు

మా అమ్మాయి శ్రావణికి పాప పుట్టిందండోయ్! నేను తాతనయ్యాను!

మా చిన్నప్పుడు, దివిసీమలో... మా చెల్లెలు సుభద్ర పుట్టినప్పుడు పురిటిగది తలుపు మూసేశారు. లోపల్నుంచి సాంబ్రాణి పొగ, సన్నగా ఏడుపు. తలుపు సందులో కన్ను పెడితే నులకమంచం కోడు తప్ప ఏమీ కనపడలేదు. "పదకొండో రోజు పురుడయ్యేదాకా గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!" అని నాయనమ్మ కసిరింది. ఏం చేయను... ఆ తలుపు దగ్గరే కూచునేవాణ్ణి.

నిన్న మళ్ళీ అదే గతి.

డాక్టరమ్మ ప్రయాణం వద్దనడంతో కాన్పు బెంగుళూరులోనే. మా ఆవిడ అక్కడే ఉంది. వరికోతలు ముగించుకుని వెళ్దామని నేను ఆగాను... నొప్పులు ముందే వచ్చేశాయి. అల్లుడు పాపని వీడియోలో చూపిస్తానన్నాడు. ఫోను చిన్నదని, నేనూ సుభద్రా కలిసి అమ్మాయి ఇక్కడ వదిలిన లాప్‌టాప్ తెరిచాం.

తెల్లటి గుడ్డలో చిన్న మూట... మొహం ఇంకా ఇటు తిరగలేదు. ఆత్రంగా ముందుకు వంగాను. నా చెయ్యి మీటల కింద ఉన్న నున్నటి పలక మీద పడి, నాలుగు వేళ్ళూ పక్కకి జారాయి.

పాప మాయం! తెరంతా అమ్మాయి ఆఫీసు లెక్కలు... ఏడుపు మాత్రం వినపడుతూనే ఉంది.

"ఏం నొక్కావ్ అన్నయ్యా? పిల్లని ఎక్కడ పారేశావ్?"

"నేనేం నొక్కలేదే! చెయ్యి ఆన్చానంతే!"

అల్లుడి గొంతు వినపడింది. "కంగారు పడకండి మావయ్యగారూ, వీడియో ఎక్కడికీ పోలేదు. ఆఫీసు పనికి శ్రావణి అందులోనే ఇంకో డెస్క్‌టాప్, అంటే రెండో తెర లాంటిది, పెట్టుకుంది. చెయ్యి జారి మీరు దాంట్లోకి వెళ్ళుంటారు. కంట్రోలు, విండోస్ గుర్తు, ఎడమ బాణం... మూడు మీటలూ కలిపి నొక్కండి. త్వరగా అండీ, నర్సుగారు తీసుకెళ్ళిపోతున్నారు!"

ఒకటి దొరికితే ఇంకోటి జారిపోతోంది. కళ్ళజోడంతా తడి...

"నువ్వు ఆ రెండూ వదలకు!" అంటూ సుభద్ర బాణాన్ని వేలితో పొడిచింది.

వచ్చింది! నర్సు భుజం మీద ఓ బుల్లి చెవి, ముడిచిన పిడికిలి... అంతే, తీసుకెళ్ళిపోయారు. మొహం చూడలేదండీ. అయినా పొద్దుటిదాకా ఆ పిడికిలే కళ్ళముందు.

అప్పట్లో పురుడయ్యేదాకా ఓపిగ్గా కాచుకున్నవాణ్ణి... ఇప్పుడు రేపటి రైలు దాకా ఆగలేకపోతున్నాను. మీ ఇళ్ళల్లో పసిబిడ్డల్ని మొదటిసారి ఎలా చూశారో మీరూ రాయండి.

మా వాళ్ళెవరైనా కనపడితే కబురు చెప్పండి... ముదినేపల్లి పెద్దక్కయ్యకి, పెదపారుపూడి బావగారికి, బందరు చిన్నాన్నకి, గుడివాడ తోడల్లుడికి... చెవి దగ్గరకెళ్ళి గట్టిగా అరిచైనా సరే, పమిడిముక్కల మేనత్తకి!