మామ్మకి రెండో మనువు, అప్పకి ఒక్కటే

ఎనిమిదో తరగతి నేను రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదువుదామనే వెళ్ళాను గానీ, మాస్టారు చేతులు జోడించి, "బాబూ, నాకు రిటైర్మెంట్ దగ్గరపడింది, నన్నొదిలెయ్" అన్నారు. అలా చదువు నా చేతిలోంచి ప్రాణాలతో బయటపడింది. అప్పటినుంచి ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, సాక్చి బజార్లో మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేస్తున్నాను. నా నోరు మాత్రం బాగుచేసుకోలేదు. అది చేసిన పని గురించే ఇది.

మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. మా అప్పకి ఇరవై ఏడో ఏట మొగుడు పోయాడు. కామెర్లు. నాలుగేళ్ళ కూతురిని తీసుకుని గోవింద్‌పూర్‌లో మా ఇంటికి వచ్చేసింది.

నా కొట్టు పక్కన మోటార్లకి వైండింగ్ చేసే ఒకాయన ఉండేవాడు. మా వైపు మనిషే, మా కులమే. భార్య కాన్పులో పోయింది. మాట తక్కువ. అప్ప నాకు మధ్యాహ్నం క్యారేజీ తెస్తే లేచి తన స్టూలు ఇచ్చేవాడు, తను నిలబడే రాగితీగ చుట్టుకునేవాడు. అప్ప ఆ స్టూలు మీద నా అన్నం అయిపోయాక కూడా కూర్చునేది. ఏడాది ఇలా గడిచాక, ఒకరోజు ఆయన తీగ మీంచి చూపు ఎత్తకుండానే అడిగాడు.

"తమ్ముడూ, మీ అప్పని నాకిత్తారేటి? పాపని నా పిల్లనాగే చూసుకుంతాను. ఆవిడని అడిగినాను. మీ ఇంట్లో ఒప్పుకుంటే సరే అంది."

ఇంటికెళ్ళి చెప్పాను. అమ్మ ముందు కిటికీ మూసింది.

"మెల్లిగా మాటాడు. చుట్టుపక్కలోళ్ళు ఇంతారు. మొగుడు పోయినదానికి మళ్ళీ పెళ్ళేటి?"

మంచం మీద మామ్మ చుట్ట నోట్లోంచి తీసింది. మామ్మ అంటే మా నాన్న తల్లి. "పెళ్ళేటంటావేటే? నీ మొగుడు ఎవుడి కొడుకు? నా రెండో మొగుడు కొడుకు కాదా? మొదటోడు తాగొచ్చి కొడతన్నాడని పెద్దలకి చెప్పి ఒగ్గీసినాను. ఆడు బతికుండగానే ఈయన్ని కట్టుకున్నాను."

"అది ఊర్లో, అత్తా. ఇక్కడ మరేదగా బతుకుతన్నాం. ఊరుకో."

మామ్మ అబద్ధం చెప్పలేదు. ఊళ్ళో మావాళ్ళలో మారుమనువు మామూలే. కులపెద్దల ముందు కొత్త చీర పెట్టి, గాజులు తొడిగించి, నలుగురికి భోజనం పెడితే అయిపోయేది. ఆ ఆడమనిషిని ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. ఫ్యాక్టరీ పనికని ఈ ఊరొచ్చాం. ఉద్యోగాలు పర్మినెంట్ అయ్యాయి, కిటికీలకి కర్టెన్లు వచ్చాయి. పక్కింటి పెద్దకులాల వాళ్ళు ఎలా ఉంటే అలా ఉండాలనిపించింది. వాళ్ళ వితంతువులకి లేని పెళ్ళి మన పిల్లకెందుకనుకున్నాం. మర్యాద నేర్చుకున్నాం. దాని ఫీజు అప్ప కట్టింది.

ఆ రోజు అప్ప నావైపు చూసింది. నేనేదో ఒకటి చేస్తాననుకుంది.

అమ్మ నాతో, "ఆయన మనసు కష్టపడకుండా నువ్వే ఏదో చెప్పి తప్పించీ" అంది. నాకు కాదని తిన్నగా చెప్పడం రాదు. వారం రోజులు కొట్టులో ఆయన కంట పడకుండా తిరిగాను.

ఆ ఆదివారం మావాళ్ళ ఇంట్లో ఒక బిడ్డకి అన్నప్రాశన, ఇంటిల్లిపాదీ వెళ్ళాం. పందిట్లో మధ్యాహ్నం భోజనాలు, మా వెనక ఆడవాళ్ళ పంక్తి. ఆయన సాంబారు బకెట్టుతో నా విస్తరి దగ్గరకొచ్చి, వంగి, మెల్లగా అడిగాడు. "ఇంట్లో అడిగేవా, తమ్ముడూ?"

పంక్తిలో పాతికమంది ఉన్నారు. నేను గొంతు పెంచాను.

"అడిగేను, అన్నా. మా మామ్మ ఒప్పీసుకుంది. కానీ సంబంధం తనకే అనుకుంతంది. ఆవిడకి అలవాటే, నువ్వు మూడోవోడివి."

పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. ఒకాయనకి పొలమారింది. నేను జీవితంలో వేసిన జోకులన్నింటిలో బాగా పేలింది అదే. ఆయన బకెట్టు పట్టుకుని నా వెనకవైపు ఎక్కడో చూశాడు. తర్వాత తల దించుకున్నాడు. మిగిలిన పంక్తి అంతటికీ సాంబారు వడ్డించి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండా సాక్చిలో కొట్టు ఎత్తేసి మాంగో వెళ్ళాడు. వంతెన దాటితే మాంగో. ఆటోలో ఎంతసేపని. నేను వెళ్ళలేదు. అప్ప క్యారేజీ తేవడం మానేసింది, నేను పొద్దున్నే పట్టుకెళ్ళేవాణ్ణి. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పోయినేడు పోయాడని ఎవరో చెబితే తెలిసింది.

మొన్న అప్ప కూతురు పుణె నుంచి వీడియో కాల్ చేసింది. అక్కడ ఉద్యోగం. రెండేళ్ళుగా ఒక ఒడియా కుర్రాడితో ఒకే ఇంట్లో ఉంటోందట. పెళ్ళి సంగతి ఇంకా అనుకోలేదట. "అచ్ఛా లడ్కా హై, మామా. టెన్షన్ మత్ లో" అని నాకే ధైర్యం చెప్పింది. నేను అమ్మవైపు చూశాను, కిటికీ మూస్తుందేమోనని. ఎనభై దాటిన మా అమ్మ ఫోన్ దగ్గరగా లాక్కుని, "ఆ పిల్లోడికి వంటొచ్చేటి?" అని అడిగింది. వచ్చట. అమ్మ సంతోషించింది. అంతే. అంత చిన్న విషయమట అది.

పెరట్లో అప్ప చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అప్పా, ఆ రోజు పందిట్లో నా నోటి దూలవల్లే నీ బతుకు ఇలాగైపోనాది."

అప్ప బియ్యంలోంచి ఒక రాయి తీసి పారేసింది.

"అన్నీ నీ పెతాపమే అనుకోకు. నీ మాటకి ఆయన తల దించలేదురా, అలాటివి నీ దగ్గిర రోజూ ఇనీవోడే. అందరూ నవ్వుతంటే సిగ్గేసి నాను కూడా నవ్వీసినాను. అది చూసి దించినాడు."