బ్రెజిల్ యోహాను మోకాళ్లు

గోపన్‌పల్లి యోహాను గోల్‌కీపర్ కావడానికి కారణం గిన్నెలు. చిన్నప్పుడు అతను చదివిన మిషన్ హాస్టల్లో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం ఆటకు అందరికంటే ఆఖరున ఎవరు వస్తే వాళ్లు గోల్లో నిలబడాలి. పిల్లలకు అదొక శిక్ష. యోహానుకు వంటింట్లో గిన్నెలు తోమే వంతు పడింది. అతను తోమిన గిన్నెలు వంటామె యాదమ్మకు నచ్చాయి. వంతు అయిపోయినా ఆమె అతన్ని వదల్లేదు. దాంతో ఏడాది పొడుగునా అతనే ఆఖరున వచ్చాడు, అతనే గోల్లో నిలబడ్డాడు. మరుసటి ఏడు గిన్నెలు ఇంకొకడి పాలబడ్డాయి. ఆ రోజు యోహాను అందరికంటే ముందు వచ్చి, ఎవరూ అడక్కుండానే నేరుగా వెళ్లి గోల్లో నిలబడ్డాడు.

గోల్ అంటే రెండు రాళ్లు. రెండింటి మధ్యా మొరం, కంకర. ఆ నేల మీద పడి బంతి ఆపాలన్న ఆలోచన బుద్ధి ఉన్నవాడికి రాదు. అందుకే యోహాను నిలబడి ఆపడం నేర్చాడు. బంతి ఎటు వస్తుందో కనిపెట్టి ముందే అక్కడుండేవాడు. చెయ్యి అందకపోతే కాలు చాపేవాడు. హాస్టల్ వదిలేనాటికి చుట్టుపక్కల ఊళ్లలో అతని మీద గోల్ కొట్టినవాడు పదిమందికి చెప్పుకునే పరిస్థితి వచ్చింది.

ఇరవయ్యో ఏట జిల్లా జట్టు ఎంపికలకు పట్నం వెళ్లాడు. జీవితంలో మొదటిసారి పచ్చిక మీద నిలబడ్డాడు. ఎంపిక చేసే పెద్దాయన వరసగా బంతులు కొట్టించి, అన్నీ చూసి, దగ్గరికి పిలిచాడు.

"మంచిగనే ఆపుతున్నవ్ బేటా. కానీ నీకు పడుడు రాదు. పడుడు రానోడు గోలీ కాదు, వాచ్‌మన్."

ఆ మాట గుచ్చుకుంది. ఊరికి తిరిగొచ్చి పడటం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. నేర్చుకోవడానికి దొరికిన నేల మాత్రం పాతదే. మొదటి వారమే మోకాలి చిప్ప బయటపడేంత పని అయింది. మిషన్ దవాఖానలో కట్టు కట్టింది నర్సు ట్రైనింగులో ఉన్న తెనాలి వైపు అమ్మాయి. పేరు రాహేలు. రెండో వారం రెండో మోకాలు. మూడో వారం మోచెయ్యి.

"మీకు ఫుట్‌బాల్ రాదనుకుంటానండి" అంది ఆ అమ్మాయి దూది తడుపుతూ.

"ఎవరు చెప్పిన్రు?"

"వచ్చినవాళ్లయితే ఇన్నిసార్లు కిందపడరు కదా."

యోహాను కావాలనే పడుతున్నాడని స్నేహితులు ఏడిపించారు. కొంత నిజం ఉండే ఉంటుంది. రెండేళ్ల తర్వాత గోపన్‌పల్లి చర్చిలో పెళ్లయింది.

అప్పటినుంచి అతని ఆట బాగానే సాగింది. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాన్ల ఫ్యాక్టరీ అతన్ని తమ జట్టుకోసమే ఉద్యోగంలోకి తీసుకుంది. ఆ జట్టు లీగులో రెండుసార్లు ఫైనల్‌దాకా వెళ్లింది. ఒకసారి పేపర్లో ఫొటో కూడా పడింది. అందులో గోల్‌పోస్టూ, యోహాను రెండు కాళ్లూ వచ్చాయి. తల వచ్చి ఉండాల్సిన చోట ప్రకటన ఉంది. క్రిస్మస్‌కు చర్చిని అలంకరించగా మిగిలిన పసుపుపచ్చ గుడ్డతో రాహేలు అతనికి చొక్కా కుట్టింది. కాలరుకు గుడ్డ చాలక తన ఆకుపచ్చ జాకెట్ ముక్క వేసింది. అచ్చం బ్రెజిల్ జట్టు రంగులు. అది తొడుక్కుని గ్రౌండులోకి దిగిన రోజునుంచి అతను బ్రెజిల్ యోహాను.

పేరు వచ్చాక ఆ దేశం మీద బాధ్యత కూడా వచ్చినట్టయింది. తొంభై నాలుగు ప్రపంచ కప్పులో బ్రెజిల్ గెలిచినప్పుడు చర్చిలో చాక్లెట్లు పంచాడు. తొంభై ఎనిమిదిలో ఆ జట్టు గోలీ సెమీఫైనల్లో రెండు పెనాల్టీలు ఆపితే, టీవీ వార్తల్లో ఆ ముక్క మళ్లీ వేస్తారేమోనని స్నానం మానుకుని కూర్చున్నాడు. వేశారు.

"చూడే రాహేలూ, గట్ల పడ్డడు, గిట్ల లేచిండు. దులుపుకుంటలేడు కూడ!"

"ఆయన కింద గడ్డి ఉందండి. మీ కింద ఖాజాగూడ కంకర ఉంది."

ఆమె నవ్వుతూ అనలేదు. ఆ ఏడు వేసవిలోనే యోహాను మోకాలి దెబ్బకు చీము పట్టి, జ్వరం వచ్చి, వారం రోజులు ఆమె పనిచేసే దవాఖానలోనే మంచం మీద ఉన్నాడు. నర్సు మొగుడికి సెప్టిక్ అయిందని తోటి నర్సులు నవ్వారు. ఇంటికి వచ్చిన రోజు రాహేలు ఒక్కటే మాట చెప్పింది. ఆడుకోండి, వద్దనను. ఈసారి ఒంటిమీద తోలు లేచిందంటే మాత్రం గ్లౌజులు నాకిచ్చెయ్యాలి. బైబిలు మీద చెయ్యి వెయ్యమనలేదు కానీ, అంత పనీ చేసినట్టే అడిగింది. యోహాను సరేనన్నాడు.

అప్పటికి ఫ్యాక్టరీ మూతబడి, అతను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ బస్సు నడుపుతున్నాడు. ముప్పై ఆరేళ్లు. మెహదీపట్నం నుంచి ఇంజనీర్లను ఎక్కించుకుని, బండరాళ్లు పేల్చిన దుమ్ములోంచి కొత్త భవనాల దగ్గర దించేవాడు. ఆ సంవత్సరం కంపెనీ మొదటిసారి ఆటల పోటీలు పెట్టింది. ఫుట్‌బాల్ ఫైనల్ ఇంజనీర్ల జట్టుకూ, డ్రైవర్లూ క్యాంటీన్ వాళ్లూ కలిసిన జట్టుకూ పడింది. భవనం ముందు కొత్తగా పరిచిన పచ్చిక మీద శనివారం ఆట అన్నారు. యోహాను రోజూ బస్సు ఆపి ఆ పచ్చికను చూసుకునేవాడు. ఒకరోజు ఎవరూ చూడకుండా చెయ్యి పెట్టి నొక్కి చూశాడు. మెత్తగా ఉంది. దాని మీద ఎన్నిసార్లు పడ్డా తోలు లేవదు, ఇచ్చిన మాటా పోదు.

గురువారం పరిపాలన చూసే మేనేజరు కామేశ్వరరావు బస్సు దగ్గరికి వచ్చాడు. కాకినాడ మనిషి. చెడ్డ వార్త చెప్పాల్సొస్తే ముందు కళ్లజోడు తుడుచుకునే అలవాటు ఉంది.

"యోహానుగారూ, పచ్చిక మీద కాలు పెట్టడానికి లేదండి. వచ్చే వారం ప్రారంభోత్సవం కదా, పెద్దవాళ్లొస్తారు. బెంగుళూరు నుంచి తెప్పించిన గడ్డి. నలిగితే నా ఉద్యోగం నలిగిపోద్ది."

"మరి మ్యాచ్, సార్?"

"ఖాజాగూడ చెరువు పక్కన గ్రౌండు మాట్లాడానండి. మీకు అలవాటైన చోటేగా!"

యోహాను ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఆదివారం చెబుదామనుకున్నాడు, ఆట అయిపోయాక. కానీ కామేశ్వరరావు జాగ్రత్త గల మనిషి. రాళ్ల గ్రౌండు కదా, దెబ్బలు తగులుతాయని, యోహాను భార్య నర్సని ఎవరో చెబితే, శుక్రవారం దవాఖానకు ఫోన్ చేసి కట్ల పెట్టె తీసుకుని రమ్మని బతిమాలాడు.

శనివారం పొద్దున రాహేలు పెట్టె సర్దుకుంటూ, "గడ్డి మీద ఆటన్నారు?" అంది.

"మార్చిన్రు."

"మాట మార్చలేదుగా?"

"లేదే."

ఆట మొదలయ్యేసరికి ఇంజనీర్లు, వాళ్ల ఇళ్లవాళ్లు బండల మీద చోటు చూసుకుని కూర్చున్నారు. రాహేలు గోల్ పక్కనే ఒక బండ ఎక్కి, పెట్టె ఒళ్లో పెట్టుకుని, మొగుడి మోకాళ్ల మీద చూపు నిలిపింది. బంతి ఎక్కడుందో ఆమెకు పట్టలేదు.

యోహాను పదహారేళ్లు వెనక్కి వెళ్లి నిలబడి ఆపడం మొదలుపెట్టాడు. కొంతసేపు బాగానే జరిగింది. ఎత్తుగా వచ్చినవి పట్టాడు, నేరుగా వచ్చినవి తన్నాడు. కానీ వయసు కాళ్లలోకి దిగింది. ఇంజనీర్ల జట్టులో రోహిత్ అనే కుర్రాడున్నాడు. కాలేజీ జట్టుకు ఆడినవాడు, రోజూ యోహాను బస్సులోనే వస్తాడు. అతను నేలబారుగా ఒక మూలకు కొట్టాడు. యోహాను కాలు చాపాడు. జానెడు తేడాతో బంతి లోపలికి పోయింది.

"సారీ అంకుల్!" అన్నాడు రోహిత్ నవ్వుతూ.

"గోల్ కొట్టినవ్, మంచిదే. అంకుల్ అని ఇంకో గోల్ ఎందుకు కొడ్తవ్ తమ్మీ?"

క్యాంటీన్‌లో దోసెలు పోసే మునిస్వామి డ్రైవర్ల జట్టు వెనక వరసలో ఆడుతున్నాడు. పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏందన్నా, గుంజ పాతినట్టు నిలవడ్డవ్? జర కింద పడరాదే!"

"ఆడ చూడు."

మునిస్వామి చూశాడు. బండ మీద రాహేలు, ఒళ్లో పెట్టె. ఒప్పందం సంగతి క్యాంటీన్లో అందరికీ తెలుసు.

"అరె బాప్‌రే, వదిన! ఇగ మనమే సూసుకోవాలె" అని వెనక్కి పోయి మిగతావాళ్లతో గుసగుసలాడాడు. అక్కడినుంచి ఆ జట్టు ఆట మారిపోయింది. నేలబారుగా బంతి రానివ్వకుండా డ్రైవర్లు గోల్ ముందు గోడ కట్టినట్టు నిలబడ్డారు. పొట్టకు తగిలినా, వీపుకు తగిలినా కదల్లేదు. యోహాను మోకాళ్ల కోసం పదిమంది ఒళ్లు అప్పగించారు.

రెండో సగంలో ఒక డ్రైవర్ గోల్ కొట్టి లెక్క సరిచేశాడు. ఆ తర్వాత మునిస్వామి కొట్టిన బంతి మధ్యలో ఒక రాయికి తగిలి, దిక్కు మార్చుకుని, ఇంజనీర్ల గోలీ పక్కనుంచి గోల్లోకి వెళ్లిపోయింది. అది తను అనుకున్నట్టే వెళ్లిందని మునిస్వామి ఇప్పటికీ అంటాడు.

ఈ సందడిలో బండ మీద ఒక మార్పు వచ్చింది, దాన్ని గమనించింది యోహాను ఒక్కడే. రాహేలు మోకాళ్లను వదిలేసి బంతిని చూస్తోంది. పెట్టె ఒళ్లోంచి బండ మీదికి దిగింది. కాసేపటికి ఆమె రెఫరీతో మాట్లాడుతోంది. "అది ఫౌలు కాదా అండీ? మీకు కళ్లు కనబడవా అండీ?" రెఫరీగా నిలబడ్డ కామేశ్వరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఇంకో నిమిషంలో ఆట ముగుస్తుందనగా, గోల్ ముందు తోపులాటలో బంతి మునిస్వామి చేతికి తగిలింది. కామేశ్వరరావు ఈల ఊదాడు. పెనాల్టీ. డ్రైవర్లు ఆయన చుట్టూ మూగారు. "రూలు రూలేనండీ" అంటూ ఆయన అందరినీ వెనక్కి నెట్టాడు.

రోహిత్ బంతి పెట్టాడు. ఈసారి నవ్వలేదు, అంకుల్ అనలేదు. యోహాను రెండు రాళ్ల మధ్య నిలబడ్డాడు. ఇప్పుడు ముందు గోడ లేదు. నిలబడితే మోకాళ్లు దక్కుతాయి, పోయేది ఒక గోల్. పడితే బంతి దక్కవచ్చు, పోయేది గ్లౌజులు. ఆటకు ఇంతకాలం ఇచ్చింది చాలులే అని అతను నిజంగానే ఒక్క క్షణం అనుకున్నాడు. నిలబడే ఆపుదామని కాళ్లు బిగించాడు.

రోహిత్ కదిలాడు. అప్పుడే బండ మీదనుంచి గ్రౌండంతా దద్దరిల్లేలా ఒక కేక వచ్చింది.

"పడండీ! ఏమండీ, పడండీ!"

యోహాను ఆలోచించలేదు. కుడివైపు ఒళ్లంతా గాలిలోకి విసిరాడు. బంతి నేల మీద గీత గీసినట్టు వస్తోంది. వేలి కొసలు తగిలాయి. బంతి రాయిని రాసుకుంటూ బయటికి పోయింది. యోహాను మాత్రం ఆగలేదు, మొరం మీద బారెడు దూరం జారిపోయాడు. అతను లేచేలోపే ఈల వినబడింది, మునిస్వామి వచ్చి మీద పడ్డాడు, వాడి మీద మిగతా డ్రైవర్లు పడ్డారు. ఉన్న తోలు కూడా అప్పుడే పోయిందని తర్వాత తేలింది.

జనం కాస్త తగ్గాక అతన్ని ఒక బండ మీద కూర్చోబెట్టారు. రెండు మోకాళ్లు, ఒక మోచెయ్యి. రాహేలు పెట్టె తెరిచి, కంకర ముక్కలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. మునిస్వామి పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"వదినా, పడుమన్నది నువ్వే. ఊరంతా విన్నది."

"మీరు దోసెలు చూసుకోండి తమ్ముడూ, మాడుతున్నాయి."

"ఈడ దోసెలేడివి?"

"అయితే వెళ్లి పొయ్యండి."

రోహిత్ వచ్చి చెయ్యి కలిపి, "ఎట్లా ఆపారు బాసూ అది?" అని అడిగి వెళ్లాడు. అంకుల్ పోయి బాసు వచ్చిందని యోహాను గమనించాడు కానీ, బయటపడలేదు. ఒకదాని తర్వాత ఒకటి గ్లౌజులు విప్పాడు. జత చేసి భార్య ముందు బండ మీద పెట్టాడు.

"తీస్కో. మాటంటే మాట."

రాహేలు తల ఎత్తలేదు. టింక్చర్ పోసింది. యోహాను హాస్టల్ రోజుల తర్వాత ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాడు.

అప్పుడే కామేశ్వరరావు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. వచ్చే నెల చుట్టుపక్కల కంపెనీలన్నీ కలిసి పోటీ పెడుతున్నాయనీ, ఈసారి ఇంజనీర్లనూ డ్రైవర్లనూ కలిపి ఒకటే జట్టు పంపాలని అనుకుంటున్నారనీ చెప్పాడు. గోల్‌కీపర్ పేరు ఈ సాయంత్రమే ఇవ్వాలట. చెబుతూ యోహానును చూశాడు. యోహాను రాహేలును చూశాడు. రాహేలు మోకాలిని చూసింది.

"ఏ రోజండి?" అని అడిగింది, కట్టు బిగిస్తూ.

"ఇంకా అనుకోలేదమ్మా. ఆదివారం అయితే అందరికీ సెలవు..."

"ఆదివారం పెట్టకండి. మాకు చర్చి ఉంటుంది." ఆమె కట్టు చివర ముడేసి, పళ్లతో దారం తెంపింది. "శనివారం పెట్టించి, ఈయన పేరు ఇవ్వండి."