సముద్రంలోంచి కనబడే సినిమా హాలు

బీచ్ రోడ్డు వెనక పాత సినిమా హాలు కూల్చినప్పుడు విశాఖపట్నమంతా ఏడ్చింది, ఫోనుల్లో. నేనూ తక్కువ తినలేదు. నేల టిక్కెట్టు, కుర్చీల్లో నల్లులు, ఇంటర్వెల్లో సమోసా అంటూ ఇంత పొడుగున రాసి ఫోటో పెట్టాను. మెచ్చుకున్నవాళ్ళను చూసుకుని మురిసిపోతూ ఇంటికి వస్తే, మా అయ్య ఇసకలో నిలబడి హాలు ఉండాల్సిన చోటు కేసి చూస్తున్నాడు.

"ఆ హాల్లో రెండుపాలే కదా కూకున్నావు, నీకేటి పోయిందయ్యా?" అని ఎగతాళి చేశాను.

"నీకు తెల్దేటిరా?" అన్నాడు.

తెలుసు. తెలిసే మరిచిపోయాను, సిగ్గులేకుండా. అయ్య సముద్రం మీద వేట చేసేవాడు. ఒడ్డుకు దూరంగా, నీళ్ళ అడుగున రాళ్ళున్న చోటొకటి తాత ఆయనకు చూపించాడు. కోనాం చేపలు అక్కడ పడేవి. ఆ చోటు దొరకాలంటే ఒడ్డు మీదివే గుర్తులు. హాలు నెత్తిమీది నీళ్ళ ట్యాంకు వెనకాల కొండ నొక్కులో కూర్చున్నట్టు కనబడాలి. హార్బరు వైపు గుడీ, పాత గోడౌను కప్పూ ఒక వరసలోకి రావాలి. రెండూ కుదిరిన చోట గేలం వేయాలి. ఎంత కుదరాలో నోటితో చెప్పేది కాదు, బోటులోంచి చూడాల్సిందే. ఆ గుట్టు ఆయన ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

"ఒక్కపాలి రారా, సూపిత్తాను. నువ్వు ఏటకి రాకపోయినా నీ పిల్లలకి పనికొత్తాది" అని శనివారం శనివారం అడిగేవాడు. నాకు సీతమ్మధారలో బ్యాంకు ఉద్యోగం. ఆదివారం నిద్ర కావాలి, పైగా బోటెక్కితే వాంతులు. వచ్చే వారం అనేవాణ్ణి. ఆ వచ్చే వారం పదేళ్ళు సాగింది.

హాలు స్థలంలో పెద్ద అపార్ట్‌మెంటు లేచింది, వెనక కొండ కూడా కనబడకుండా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు వెళ్ళాను, ఆ చోటు ఫోనులో గుర్తు పెట్టుకుందామని. అయ్య ఇంజను తగ్గించి ఒడ్డు వైపు చూశాడు. కాస్త ముందుకు పోనిచ్చాడు, కాస్త వెనక్కి తెచ్చాడు. గేలం వదిలాడు. అడుగున రాయి ఉంటే చేతికి తెలుస్తుందట. ఇసకే తగిలింది. మళ్ళీ వేశాడు, ఇసకే. ఐదారుసార్లు వేశాడు.

"ఇక్కడే అనుకుంటన్నానురా" అన్నాడు.

సముద్రం మీద మా అయ్య 'అనుకుంటన్నాను' అనడం నేనెప్పుడూ వినలేదు.

"గుర్తెట్టుకున్నావా ఫోన్లో?" అని అడిగాడు.

"ఎట్టుకున్నానయ్యా" అన్నాను. ఆ ఇసక చోటునే ఫోనులో గుర్తుగా నొక్కాను.