రెండో హెల్మెట్

లింగంపేటలో బీడీలు చుట్టే లింగవ్వకు అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలవాడు నవ్వితే పాలల్లో నీళ్లు కలిపాడంటుంది, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడంటుంది. చుట్టిన ప్రతి బీడీనీ బొటనవేలితో నొక్కి చూస్తుంది. పైకి బాగున్నదాన్ని అసలే నమ్మదు. అట్లాంటి మనిషికి మొగుడి మీదే అనుమానం వస్తే ఇంక ఇంట్లో శాంతి ఉంటుందా?

మొగుడు బాలనర్సయ్య గోడలు కట్టే సుతారి. రోజూ బండి మీద ఎల్లారెడ్డికి పనికి పోయి వస్తాడు. ఊళ్లో అందరి లాగే అతని హెల్మెట్ కూడా ఏళ్ల తరబడి హ్యాండిల్‌కే వేలాడింది. పోలీసులు కనబడితే తలకెక్కేది, వాళ్లను దాటగానే దిగేది. వాళ్లు లేని రోజు అందులో టమాటలు వచ్చేవి.

అట్లాంటివాడు ఈ మధ్య గడప దిగుతూనే పెట్టుకుంటున్నాడు. అద్దం కూడా దించుకుంటున్నాడు. మోచెయ్యి దోక్కుపోయిందేమంటే గోడ గీరిందన్నాడు. సంతకు నేనూ వస్తానంటే "నువ్వు బస్సుల రా" అన్నాడు.

"మంచి పనికి పోయేటోడు మొకమెందుకు దాసుకుంటడే?" అంది పక్కింటి భూదవ్వ. ఇద్దరూ రోడ్డు మీద ఆరబోసిన మక్కజొన్నలకు కావలి కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరిస్తున్నారు. "ఎల్లారెడ్డిల ఎవతో ఉన్నది."

అసలే కోతి, ఆపైన కల్లు తాగినట్టయింది లింగవ్వ పని. అంగీలు వాసన చూసింది. బండి వెనక సీటు మీద వెంట్రుకలు వెతికింది. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా బలిసింది. ఒక ఆదివారం అతను స్నానానికి పోగానే కొట్టంలో గడ్డి కింద చెయ్యి పెట్టింది. సంచి తగిలింది. సంచిలో ఇంకో హెల్మెట్.

ఒకటి అతని తలకు. మరి ఇది వెనక కూర్చునేదానికా?

తువ్వాలతో వచ్చిన బాలనర్సయ్య ముందు దాన్ని ఎత్తి పట్టింది. "గిది ఎవ్వతికి తెచ్చినవ్?"

"ఎవ్వతికీ లేదు. నా పాతదే. పారెయ్య మనసొప్పలే."

లింగవ్వ నమ్మలేదు. అలవాటు కొద్దీ బొటనవేలితో నొక్కింది. చెవి దగ్గర పగిలిన చోట వేలు లోపలికి దిగిపోయింది.

"పడ్డవా?" అంది. "యాడ?"

"ఆ దినం పొద్దుగూకింది. నేను గూడ జోరు మీదున్న. ఎల్లారెడ్డిల పోలీసోళ్లుంటే పెట్టుకున్న, తీసుడు మర్సిన. గందుకే బతికిన. నీ తలకాయకు గిసోంటిది లేదు, గందుకే బస్సుల రమ్మన్న."

"యాడ పడ్డవని అడుగుతున్న!"

అతను నేల చూశాడు. "మన మక్కల కాడ. రాయి కనవడలే."

బండ్లు ఎక్కకుండా మక్కల చుట్టూ రాళ్లు పేర్చింది లింగవ్వే. ఏటా పేరుస్తుంది. ఊరంతా పేరుస్తుంది.

ఆమె గంప తీసుకుని రోడ్డు మీదికి పోయింది. ఏడుస్తూ రాళ్లు ఏరుతుంటే భూదవ్వ ఆత్రంగా వచ్చింది.

"ఎవతో తెలిసిందానే?"

"తెలిసిందక్కా," అంది లింగవ్వ, ఇంకో రాయి గంపలో వేస్తూ. "నేనే."