మామయ్య చక్కెర

నేను స్కూలు బస్సు నడుపుతాను. వెనకాల బస్సెడు పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టినా స్టీరింగు మీద నా చెయ్యి వణకదు. అలాంటిదాన్ని నిలబడ్డచోటే కొయ్యబారిపోయేలా చేసింది ఈ భూమ్మీద మా అత్తయ్య ఒక్కతే. అదీ నోరెత్తి ఒక్క మాట అనకుండా. 

మా అత్తమామలది రొట్టెల దుకాణం. వెనక గదిలో పొయ్యి, ముందు గదిలో కౌంటరు, మధ్యలో మందపాటి గోడ, ఆ గోడకో చిన్న కిటికీ. పొయ్యి మామయ్యది, కౌంటరు అత్తయ్యది. వాళ్ల కాపురమంతా ఆ కిటికీలోంచే నడిచింది. వేడి ట్రేలు అటునుంచి ఇటు వచ్చేవి, టీ గ్లాసులు, తిట్లు ఇటునుంచి అటు వెళ్లేవి. దుకాణం పెట్టిన కొత్తలో రెండో కంచం కడిగే తీరిక లేక ఇద్దరూ ఒకే కంచంలో తినడం మొదలుపెట్టారట. తర్వాత తీరిక దొరికినా కంచం మాత్రం ఒకటే మిగిలింది. మధ్యాహ్నం బేరాలు తగ్గాక పిండి బస్తాల మీద ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లు. నన్ను చూసి కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడతారెందుకని నేను ఏడిపిస్తే, అత్తయ్య విరిగిన బిస్కెట్టు ఒకటి నా నోట్లో కుక్కి నోరు మూయించేది.

విరిగిన బిస్కెట్లు, మాడిన కేకు అంచులు, నిన్నటి బన్నులు, అన్నీ ఆవిడ పొట్టలోకే. పారేయడమనేది ఆవిడ ఒంట్లో లేదు. సన్నగా, చలాకీగా ఉండేది. దుకాణంలో ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కా ఒకటి పైన తొడుక్కుని, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకునేది. ఆసుపత్రి గుమ్మం ఎక్కింది మా ఆయన్ని కనడానికేనని గొప్పగా చెప్పుకునేది.

జబ్బు మనిషి మామయ్య. చక్కెర వ్యాధి చాన్నాళ్లుగా ఉంది. ఈమధ్య మడమ మీద పుండు పడి మానలేదు. చక్కెర అదుపులోకి రాకపోతే పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. రోజంతా పొయ్యి ముందు నిలబడే మనిషికి పాదం లేకపోతే ఇంకేముంది? 

అప్పుడే మా ఆయన సెన్సారు తెచ్చాడు. రూపాయి బిళ్లంత ఉంటుంది. జబ్బకి అతికిస్తే వెంట్రుకంత తీగ ఒకటి చర్మం కిందికి దిగి, ఒంట్లో చక్కెర ఎంతుందో కొద్ది నిమిషాలకోసారి దగ్గర్లో ఉన్న ఫోనుకి చెబుతుంది. అక్కడినుంచి మా ఫోన్లకి, డాక్టరు ఫోనుకి వస్తుంది. పొద్దుటా సాయంత్రం వేలు పొడుచుకునే బాధ లేదు. వింటే బ్రహ్మాండంగా ఉంది. కానీ మొదటిది పొయ్యి సెగకి చెమట పట్టి ఊడిపోయింది. రెండోది ట్రేల బండి తగిలి ఎగిరిపోయింది. ఊడకుండా ఉన్న నాలుగు రోజులూ, సెగకి పాడవుతుందని ఫోను కౌంటరు మీద పెడితే, గోడ అడ్డం వచ్చి కబురు అందక అది ఒకటే మోత. ఇటు మా ఆయన ఫోను చేసి, అది కూడా చేతకాదా నాన్నా అని కేకలు.

ఆ తర్వాత ఉన్నట్టుండి అన్నీ సర్దుకున్నాయి. సెన్సారు ఊడటం లేదు, మోత లేదు, అంకెలు గడియారంలా వస్తున్నాయి. పెద్దాయనకి చివరికి బుద్ధొచ్చిందని మా ఆయన మురిసిపోయాడు. నేనూ సంతోషించాను.

సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. అంకెలు పెరుగుతూ పోయాయి. డాక్టరు ఇన్సులిన్ పెంచాడు, అయినా పెరిగాయి. ఇంకోసారి పెంచాడు. దొంగచాటుగా కేకులు తింటున్నావని మా ఆయన తండ్రి మీద పడ్డాడు. ఆయన పాపం, గాలి పీల్చినా చక్కెరైపోతోందిరా అని నవ్వేశాడు. అత్తయ్య కంచంలో ఆయన వాటా సగం చేసింది. తర్వాత అందులోనూ సగం చేసింది. విచిత్రం ఏమిటంటే మడమ మీది పుండు ఎండిపోయి మానడం మొదలుపెట్టింది. చక్కెర అంతంత ఉంటే పుండెలా మానుతోందని ఒక్కరికైనా తట్టాలి కదా! మాకందరికీ ఫోనే లోకమైపోయింది. మామయ్యకి చెమటలు పడితే పొయ్యి సెగ అనుకున్నాం, చేతులు వణికితే వయసు అనుకున్నాం.

ఆ మధ్యాహ్నం స్కూలు వదలడానికి టైముందని దుకాణం దగ్గర బస్సు ఆపాను. లోపల ట్రే కిందపడ్డ చప్పుడైంది. కౌంటరు దగ్గరున్న అత్తయ్యా నేనూ వెళ్లి చూస్తే మామయ్య పిండి బల్ల పక్కన ఒరిగిపోయి ఉన్నాడు. ఒళ్లంతా చల్లటి చెమట, కళ్లు తేలిపోయాయి, పిలిస్తే పలకడం లేదు. అంబులెన్సుకి ఫోను చేసి, అదే చేత్తో చక్కెర ఎంతుందో చూశాను. మూడొందల నలభై, పైకి చూపిస్తున్న బాణం గుర్తు. ఆ అంకె పైకి చదివాను. అత్తయ్య ఒక్క అంగలో వెళ్లి ఇన్సులిన్ పెన్ను తెచ్చి, సూది బిగించి, ఆయన చొక్కా పైకి లాగింది.

అంబులెన్సు మా వీధి చివరే ఉంటుంది; దాని నర్సు సరిగ్గా అప్పుడే లోపలికి వచ్చింది. ఆగమని అత్తయ్య చెయ్యి పట్టుకుని, ఆయన వేలు పొడిచి చిన్న మిషన్లో చూసింది. ముప్పై ఎనిమిది. అంటే చక్కెర ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోయిందన్నమాట. నేను నమ్మలేదు. మీ మిషను పాడైందని అరిచాను, నా ఫోను ఆవిడ మొహం ముందు పెట్టాను. ఆవిడ నాతో వాదించలేదు. ముందు నరానికి గ్లూకోజు ఎక్కించి, ఆ తర్వాత సెన్సారు ఎక్కడుందని అడుగుతూ మామయ్య చొక్కా చేతులు రెండూ పైకి లాగింది.

రెండు జబ్బలూ ఖాళీ.

ఊడి ఎక్కడ పడిందోనని నేను బల్ల కింద వెతకబోయాను. ఊడిపోతే ఫోనులో అంకె ఎలా కదులుతుందన్న ఆలోచన కూడా రాలేదు నాకు. అప్పుడు అత్తయ్య మణికట్టు దగ్గర గుండీ విప్పి, చొక్కా చెయ్యి జబ్బ దాకా మడిచింది. ఉంది, తెల్లటి బిళ్ల, చక్కగా అతుక్కుని.

ఆ సూది దిగి ఉంటే ఏమయ్యేదో నర్సు తర్వాత చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది. ఆ అంకె చదివింది నా నోరే కదా.

ఆసుపత్రిలో మామయ్యకి తెలివొచ్చాక డాక్టరు ఎవరి ఆలోచన ఇది అని అడిగాడు. మామయ్య ఏమాత్రం తడబడకుండా, తనదేనన్నాడు.

"నా ఒంటి మీద నిలవడం లేదు, గోడవతల ఫోనుకి అందడం లేదు. మా ఆవిడ ఫోను పక్కనే కూర్చుంటుంది. ఇద్దరం తినేది ఒకే కంచంలో కదండీ. నాలో ఉన్న చక్కెరే దీనిలోనూ ఉంటుంది కదా."

డాక్టరు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కంచంలో ఆయన వాటా తగ్గించాక మిగిలింది ఏం చేశారని అత్తయ్యని అడిగాడు. పారేయలేక నేనే తిన్నానంది. ఆవిడ తిన్నకొద్దీ అంకె పెరిగింది, అంకె పెరిగినకొద్దీ ఆయన కడుపు మాడ్చాం, ఆయన వదిలిందీ ఆవిడే తింది. పైగా ఇన్సులిన్ పెంచుతూ పోయాం. ఇంటిల్లిపాదీ కలిసి, ప్రేమగా, ఒక మనిషిని చావు దాకా నడిపించాం.

డాక్టరు అత్తయ్య వేలు పొడిచాడు. ఆ మిషను కూడా ఫోను మాటే చెప్పింది. దాహం ఎక్కువా, రాత్రుళ్లు లేస్తున్నారా, బరువు తగ్గారా అని అడిగితే అన్నిటికీ తలూపింది. కౌంటరు దగ్గర వేడి కదా, అందుకే దాహం అంది. సెన్సారు ఒక్క అబద్ధం కూడా ఆడలేదమ్మా, మీకు చక్కెర వ్యాధి ఉంది, ఎప్పటినుంచో ముదిరి ఉంది అన్నాడాయన.

అంతవరకూ ధీమాగా ఉన్న మామయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. పడిపోయినప్పుడు కూడా ఆయన్ని అలా చూడలేదు. దిండు మీంచి లేవబోయి, చేతికి గుచ్చిన గొట్టం లాగేస్తే ఆగిపోయాడు.

"ఆ బిళ్ల ఇన్నాళ్లూ నిన్ను చూడమని మొత్తుకుంటుంటే, నేను నా మందు పెంచుకుంటూ కూర్చున్నానటే" అన్నాడు.

అత్తయ్య ఆయన వైపు చూడలేదు. పొడిచిన వేలు బొటనవేలితో నొక్కిపట్టుకుని కూర్చుంది. భయపడిందేమో, ఏడుస్తుందేమోనని నేను దగ్గరికి జరిగాను. ఆవిడ డాక్టరుని అడిగింది.

"ఆయన అన్ని సూదులు వేసుకున్నారు కదండీ. నాకు కొంచెమైనా తగ్గలేదా?"

డాక్టరు కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.